నౌపడ గేటు దగ్గర

పుష్యమాసం, తెల్లారగట్ల నాలుగు.
భావనపాడు ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగాను.
గేటు బయట తోటమ్మ మోపెడ్ అప్పటికే దగ్గుతోంది.
వెనక పెట్టెలో ఒక పొర ఐసు, ఒక పొర కానాగంతలు,
పెట్టెకీ ఆమెకీ మధ్య నాకు జానెడు చోటు.
"టెక్కలి దాకా కూకో బావూ,
నన్ను కాదు, పెట్టెనట్టుకో."

ఉప్పు మడులు మొదలయ్యాక
గాలికి అడ్డం చెప్పే గోడ లేదు, చెట్టు లేదు.
చీకట్లో ఉప్పు కుప్పలు
ముసుగేసుకుని కూర్చున్న మనుషుల్లా వెనక్కి పోతున్నాయి.
తోటమ్మ వేళ్ళు మొద్దుబారి
బ్రేకేదో హారనేదో తెలీడం లేదంది.
"ఈదర సంపెస్తంది.
ఈ పాలికి సీసాలో నీళ్ళు గెడ్డ కట్టీకపోతే
నా పేరు తోటమ్మే కాదు."

నౌపడ రైలు గేటు పడి ఉంది.
నా జేబులో ఫ్యాక్టరీ థర్మామీటరు
(పోయినసారిది ట్యాంకు దగ్గర పగిలి
జీతంలో మూడొందలు కోశారు,
అప్పట్నుంచీ దీన్ని ఇంటికే తెచ్చుకుంటాను).
హ్యాండిల్‌కి వేలాడే పచ్చ సీసా మూత తీసి ముంచాను.
పదిహేను.
బయటికి తీసి గాలిలో పట్టుకున్నాను.
తడి ఉన్నంతసేపూ పదమూడుకి జారింది,
తడి ఆరగానే బుద్ధి తెచ్చుకుని
మళ్ళీ పదిహేను.
బొగ్గు వ్యాగన్లు దడదడా పోయాయి,
గాలి చెంప మీద కొట్టి పోయింది,
గాజుపుల్లలో పాదరసం మాత్రం
తలెత్తి చూడలేదు.

చెప్పాను, నాకు వచ్చినంత.
గాలి దగ్గర చలి మూటేం ఉండదు.
వెచ్చనిదాని చుట్టూ పల్చగా ఓ వెచ్చటి పొర ఉంటుంది,
దాన్ని లాక్కుపోతుంది.
మనం ఇంకోటి కప్పుకుంటాం, అదీ లాక్కుపోతుంది.
సీసా ఉన్నది కాస్తా రాత్రే ఇచ్చేసింది,
ఇక దాని దగ్గర గుంజడానికేం లేదు.
నీ లోపల చోడి అంబలి ఇంకా మండుతోంది,
అందుకే నీ వెంట పడింది.
గాలే పదిహేనులో ఉన్నప్పుడు
ఎంత విసిరినా నీళ్ళు సున్నాకి రావు.

ఆఖరి వ్యాగను ఎర్ర దీపం కనుమరుగయ్యేదాకా
ఆమె ఏం మాట్లాడలేదు.
"అయితే సలి నీళ్ళకి నేదు, మనకేనా?"

కిందకి దిగి పెట్టె చుట్టూ చెయ్యి పోనిచ్చింది.
ఒక మూల గోనె లేచిపోయి ఉంది,
అక్కడి నుంచి బొట్టు, బొట్టు
రోడ్డు మీద.
"నీ పుల్ల నిన్ననే సెప్పింది, నాకు ఇరవయ్యేళ్ళుగా తెలుసు.
మనకి సలిగాలి, దీనికి వడగాలి.
గోనె కప్పేది దీనికి సలేసి కాదు బావూ,
ఉక్కపోసి."

నేను పుల్ల జేబులో పెట్టుకున్నాను.
ట్యాంకులో మైనస్ పదికీ గడ్డకట్టని ఉప్పునీటిని
ఆరేళ్ళుగా కలుపుతున్నవాణ్ణి,
దారికి అటూ ఇటూ ఆ ఉప్పే.
నన్ను వణికించే గాలే
నా వెనక ఐసుని కాల్చుతోందని
ఒక్క రాత్రీ తట్టలేదు.

గేటు లేచింది.
ఆమె వీపు చాటున నాకు ఈదర తగల్లేదు.
తనకి తగిలినదాన్ని ఆమె లెక్కేసుకోలేదు.

టెక్కలి బజార్లో ఇంకా దీపాలే.
తోటమ్మ ఐసులోకి మోచేతుల దాకా దిగి
కానాగంతలు ఎంచి పరిచింది,
పెద్దవి పైకి, కన్ను మెరిసేవి ముందుకి.
వేళ్ళు ఎర్రగా, తనవి కానట్టు బిగుసుకున్నాయి.
అప్పుడు పచ్చ సీసా తీసి
రెండు చేతుల మీదా పోసుకుని
నా వైపు చూసి నవ్వింది:

"ఎచ్చగున్నాయి."

థర్మామీటరు నేను బయటికి తియ్యలేదు.