పదిహేను రూపాయల సముద్రం

ఫ్యాను వేస్తే అలలు లేచేవి.
మట్టెవాడల మా స్టూడియో, లోపలి అర్ర,
గోడకు తొమ్మిదడుగుల పర్ద.
పర్ద మీద ఒక పాత రేవు పట్నం:
తేనెరంగు కోటగోడ, ఎర్ర పెంకుల ఇండ్లు,
మెట్లు మెట్లుగ కిందికి జారిన వీధి,
దాని కాళ్లకాడ
నీలిమందు ఎక్కువైన చొక్కా లెక్క
సముద్రం.

గీసింది ఓదేలు.
ఎరువుల దుకాన్లకు బోర్డులు రాసేటోడు.
సముద్రం ఆయన చూడలె. నేనూ చూడలె.
మందుల కంపెనీ క్యాలెండర్ల నుంచి
జూలై నెల చింపి ముందు పెడితే
పదకొండు దినాలు, రెండు డబ్బాల నీలం,
బీడీలకు లెక్క లేదు.

ఆ జూలైని ఒక మూల ఎలుక కొరికింది.
సరిగ్గ ఊరి దర్వాజ ఉన్న కాడ.
సగం కమాను ఉంది, సగం లేదు.
"ఎట్ల మరి?" అన్నడు మా ఆయన.
ఓదేలు చెవి మీది పెన్సిలు సదురుకొని
సైకిలెక్కి ఖిల్లకు పోయిండు.
మాపటికి వచ్చి
ఆ పరాయి గోడ నడుమ
మన తోరణం నిలబెట్టిండు.
రాతి కంబాలు, అడ్డదూలం,
పైన రెండు హంసలు
పడవల దిక్కు మెడలు సాపి.

పౌడరు, దువ్వెన, కొప్పుల పువ్వు నా డ్యూటీ.
ఎంతమందిని పంపిన్నో ఆ ఊరికి!
పదిహేను రూపాయలు, మూడు కాపీలు.

భూపాలపల్లిల బావి దిగి దిగి వచ్చిన పోశాలు,
ఎంత కడిగినా కండ్ల కింద బొగ్గు గీత పోలె.
"సముద్రం కాడ మొగోళ్లు సుత కాటుక పెట్టుకుంటరు" అన్న.
ఫోటోల ముందు ఆయన పండ్లే కనవడ్తయి.

షాహెదా, నిఖా అయిన ఐదో రోజు,
బుర్ఖా కొక్కానికి తగిలేసి
మొగుని గడియారం తను పెట్టుకొని నిలబడ్డది.
తీసుడు అయిపోయినంక
"ఇంకొంచెంసేపు ఉంటం" అన్నది.
ఉన్నరు.
ఎవరూ ఏం మాట్లాడలె. ఫ్యాను తిరిగింది.

మేడారం నుంచి మళ్లిన ఒక ముసలామె
మంచినీళ్లకని లోపలికొచ్చి
పర్దను చూసి
చీర కుచ్చిళ్లు కొద్దిగ పైకెత్తి పట్టుకుంది.

కరెంటు పోతే
సముద్రం ఆగేది.
చెమటలు తుడుచుకుంట ఆ పట్నంలనే కూసునేటోళ్లం
మేము, గిరాకీలు,
ఎనుమాముల యార్డుల మిర్చి రేటు మాట్లాడుకుంట.

తర్వాత అందరి జేబులల్ల కెమెరాలొచ్చినయి.
సరే, అది మీకు తెలిసిందే.

మొన్న రాగసుధ వచ్చింది.
కాజీపేటల పండ్ల డాక్టరు ఇప్పుడు.
ఐదేండ్లప్పుడు స్టూలెక్కిచ్చి
ఆ సముద్రం ముందు నిలబెట్టిన పిల్ల.
లీవు పెట్టి, మొగుని తీసుకొని
నిజంగనే పోయొచ్చిందట. టర్కీల అంటాల్య.
ఫోన్ల చూపెట్టింది:
అదే గోడ. అవే పెంకులు.
పొద్దుగూకేదాక గల్లీలు తిరిగిండ్రట,
ఆలివ్ కాయలు చేదని ఆయన ఉమ్మేసిండట,
నీళ్లల్ల కాళ్లు పెడితే
మడిమెల పగుళ్లు సుర్రుమన్నయట.
అన్నీ చెప్పి
ఆఖరికి గొంతు తగ్గించింది:
"మన తోరణం లేదు పెద్దమ్మా అక్కడ.
మూడు కమాన్ల దర్వాజ ఉంది. పాతదే. మంచిగనే ఉంది.
అయినా రెండు దినాలు దేవులాడిన."

ఏం చెప్పాలె?
ఎలుక సంగతి చెప్పిన.
నవ్వింది. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వి
"అయితే నేను వేరే ఊరికి పోయొచ్చిన" అన్నది.

అటక మీది పర్ద ఇద్దరం దించినం.
మడతల కాడ సముద్రం పెచ్చులూడింది.
హంసలకేం కాలె.
ఫ్యాను వేద్దామంటే ప్లగ్గు పిన్ను విరిగి ఉంది.
ఆమె ఒక అంచు, నేనొక అంచు పట్టుకొని
ఊపినం.

ముందుగాల దుమ్మే లేచింది.