చెయ్యి కొలత

అండర్ బ్రిడ్జి దాటినంక శివనగర్ల
ఎడమచేతి రెండో గల్లీ.
నలభై ఏండ్లాయె, అదే మిషను, అదే అరుగు.

రాత్రి షట్టర్ గుంజేముందు
కత్తిరింపు ముక్కలన్ని కవర్ల కుక్కి
నాలాల ఇసిరేటోణ్ణి.
ప్లప్ అని చిన్న సప్పుడు,
దాంతోనే నా దినం ఒడిసేది.
నీళ్లు తీస్కపోతయి గదా.
ఎటు తీస్కపోతయో
ఎన్నడు అడగలే.

మొన్న ఆషాఢంల మూడొద్దులు ఇడువని వాన.
నాలా ఎనుకకు మళ్లింది.
తెల్లారేసరికి మంచం పట్టెలదాక నీళ్లు,
మిషను తొక్కుడుపలక కనవడలే.
గల్లీ అంత ఒకటే తిట్లు:
కార్పొరేషనోళ్లను, పైగల్లీ వాళ్లను,
హోటల్ విజేందర్‌ను, చికెన్ షాపును.
నేనూ తిట్టిన.
నా గొంతే పెద్దగున్నది.

నీళ్లు గుంజినంక చూస్తే
మా కిటికీ ఊచకు
చిలకపచ్చ ముక్క ఒకటి చుట్టుకోని ఉన్నది.
సునంద టీచర్ బిడ్డ పెండ్లి జాకెట్,
సంకకాడ తీసిన పీసు.
బురద పట్టినా
నా కత్తెర వంపు నాకెరుక కాదా?
ఎవ్వలు జూడకముందే
జేబుల వెట్టుకున్న.

నాలా మూతికాడ సరోజన
మోకాళ్లలోతు దిగి గుంజుతున్నది.
కవర్లు, ఒంటి చెప్పు, డైపర్లు, పేపర్ ప్లేట్లు,
ఆటెన్క పొడుగ్గ, మోకు లెక్క పెనవడి
రంగు రంగులది,
ఎంత గుంజినా ఒడువనిది.
"ఇది టైలర్ పని" అన్నది,
నా దిక్కు చూడకుంటనే.
గల్లీల టైలర్‌ను నేనొక్కణ్ణే.

ఆమె బొటనవేలికి గుడ్డపీలిక, ఎర్రగ తడిసింది.
ఇచ్చిన గ్లౌజులు వారానికే చినిగినయట.
"ఏం కోసుకున్నది?"
"సగం బ్లేడు."

కుట్లు విప్పేటందుకు
బ్లేడును నడిమికి ఇరిచేది నేనే.
రెండో సగం ఏమాయెనో
నేనెన్నడు లెక్క పెట్టుకోలే.

ఇగ తిట్లు రాలే నోటికి.
మిషను ఎండకు వెట్టిన, నూనె పోసిన,
పాత జీన్స్ ప్యాంట్లు విప్పి రెండు పొరలేసిన.
"చెయ్యి చాపు" అన్న.
మెడ, భుజం, ఛాతి, నడుము,
అన్ని కొలిచిన టేపే.
మనిషి చెయ్యి కొలుసుడు ఇదే మొదలు.
అరచెయ్యి చుట్టు ఏడున్నర,
బొటనవేలు రెండుంబావు.
చీపురు పట్టేకాడ కాయలు గాసినయి,
అక్కడ జర వదులుంచమన్నది.

ఇప్పుడు అరుగు మీద రెండు డబ్బాలు, పచ్చది, నీలిది.
వాటి పక్కన పాత పచ్చడి సీసా,
మూత గట్టిగ బిగించి:
సగం బ్లేడులు, ఇరిగిన సూదులు.
నిండిన్నాడు ఓదెలు ఆటో ఆపి
నా చేతి నుంచి పసిపిల్లను తీసుకున్నట్టు తీసుకుంటడు.

గల్లీ సక్కగైందా అంటే
ఏం సక్కగైంది?
నిన్న రాత్రి షట్టర్ గుంజుతుంటే
పైగల్లీ దిక్కు నుంచి ఇనవడ్డది
ప్లప్.

చెప్పులేసుకోని బయలెల్లిన.
మెడల టేపు అట్లనే ఉన్నది.