తవుడు పెట్టె మీది ఆటగాడు

నూట ముప్పై ఒకటో నంబరు.
వెండెల్ క్రాస్కీ. క్యాచర్.
అదీ మూడో వరస క్యాచర్.
ముందున్న ఇద్దరికీ ఒకేసారి జ్వరమొస్తే తప్ప
ముఖానికి ఇనప జాలీ తొడిగే పని పడనివాడు.

బంతిని గోడ దాటించే వీరులందరినీ
చక్కెర పూసిన మొక్కజొన్న అటుకుల పెట్టెల వెనక అచ్చేశారు.
ఇతణ్ణి మాత్రం తవుడు పెట్టె వెనక.

పందొమ్మిది వందల అరవై రెండులో
యంగ్స్‌టౌన్‌లో, ఉక్కు మిల్లు పొగ దిగే మా వీధిలో
తవుడు తినేవాళ్ళు రెండే రకాలు:
మిసెస్ హ్రివ్నాక్ పెంచే కుందేళ్ళు,
మలబద్ధకంతో మా తాత ఓండ్రెయ్.
కుందేళ్ళ తవుడు గోనెసంచిలో వచ్చేది.
సంచి మీద ఆటగాళ్ళుండరు.
కాబట్టి నాకు తాతే దిక్కు.

కార్డు పెట్టె వెనకే, కళ్ళెదుటే ఉండేది.
చుట్టూ చుక్కల గీత, కత్తెర బొమ్మ.
పెట్టె ఖాళీ అయ్యేదాకా ముట్టుకోకూడదని అమ్మ ఆజ్ఞ.
రోజూ పొద్దున్నే తాత ఎదుట కూచుని
చెంచాలు లెక్కపెట్టేవాణ్ణి.
నాలుగో చెంచాకే గిన్నె పక్కకు నెడితే
నాకు ఏడుపొచ్చేది.
"ఇంకొంచెం తిను తాతా" అనేవాణ్ణి.
మనవడికి ఎంత ప్రేమో అని ఆయన
కుందేళ్ళావిడకి కూడా చెప్పుకున్నాడు.

పెట్టెలో ఇంకా సగం పైనే ఉండగా
తాత పోయాడు.

ఇల్లంతా నల్లకోట్లు, తడి బూట్లు,
స్లోవాక్‌లో గొణిగే ప్రార్థనలు.
అమ్మ కాఫీ కాచి పోస్తూనే ఉంది.
నేను వెళ్ళి ఆవిడ కొంగులాంటి ఏప్రన్ అంచు పట్టుకుని
అడిగాను.
అవును, ఆ రోజే అడిగాను.

అమ్మ తిట్టలేదు.
మిగిలిన తవుడు సింకు పక్కన పళ్ళెంలో ఒంపేసి
కోడిమాంసం కోసే కత్తెర అందుకుని
చుక్కల గీత చూడకుండానే
కరకర కోసి నా చేతిలో పెట్టింది.
క్రాస్కీ ఎడమ భుజం
పెట్టెతో పాటు పొయ్యిలోకి పోయింది.

ఆ తవుడు కుందేళ్ళు తిన్నాయి.

ఇవాళ ఆ కార్డు ధర
మా నాన్న కొలిమి దగ్గర రెండు నెలలు చెమటోడ్చిన జీతమంత.
అతను గొప్ప ఆటగాడని కాదు.
ఆ పెట్టె ఎవరూ కొనలేదు గనక.
కొన్నవాళ్ళు ముసలివాళ్ళు,
వాళ్ళు పెట్టె వెనక్కి తిప్పి చూడలేదు.

మొన్న ఫిబ్రవరిలో మంచులో రెండు గంటలు కారు నడిపి
ఈరీ వెళ్ళాను.
ఆర్విల్ టటిల్ అనే ఆయన దగ్గర ఇంకొకటుందని కబురు.
నేలమాళిగలో దీపం కింద పెట్టి చూపించాడు:
నాలుగు అంచులూ తాడు పట్టి గీసినట్టు.
వాళ్ళ నాన్న అచ్చాఫీసు మనిషి,
ఉక్కు స్కేలు, బ్లేడు వాడాడట.
"పందొమ్మిది రోజులు తిన్నానండీ ఆ చెత్త,
వేరే ఎవరూ ముట్టుకోలేదు మా ఇంట్లో" అని
ఇప్పటికీ నాలుక చప్పరించాడు.

ధర చెప్పాడు. బేరమాడలేదు.
నాదీ చూపించమన్నాడు.
భూతద్దం పెట్టి ఆ వంకర అంచు వెంట
మెల్లగా వేలు నడిపాడు.
"కోసినవాళ్ళ చెయ్యి వణికినట్టుందే."

కత్తెర మొద్దుది, అన్నాను.

తిరుగుదారిలో ఆష్టబులా దగ్గర
ఎర్రలైటు పడింది.
పక్క సీటు మీది కవరు తీసి
వీధిదీపం వెలుగులో పెట్టాను.
అరవయ్యేళ్ళుగా ఆ ఎడమ భుజం మీద
ఏముందో, ఏముందో అనుకుంటున్నాను.

ఏమీ లేదు.
చొక్కా మడత.
వెనకవాడు హారన్ కొట్టాడు.