ఏడో గడి

లుబ్లియానాలో మా ఆఫీసుకి
ఉత్తరాలు ఇంకా తడిసే వస్తాయి.
ఆ రోజు వచ్చిన కవరు మాత్రం
మైనం వాసన వేసింది.

ఫిర్యాదుదారు: నెజ్కా రవ్నిక్, అరవై ఎనిమిదేళ్లు.
వృత్తి: తేనెటీగలు.
(పెంపకం అని రాయలేదు. తేనెటీగలు, అంతే.)
ఎవరి మీద: తిలెన్ అనే కుర్రాడి మీద,
కొండ వాలులో అద్దె గదుల ప్రకటన కోసం
డ్రోన్ ఎగరేసి లోయంతా తీసినవాడు.
ఎంత ఎత్తున: "మా ఎండుగడ్డి పందిరి కన్నా పైన,
గద్ద కన్నా కింద."
ఎంతసేపు: "పాలు పొంగేంత."

ఏడో గడి:
చిత్రీకరణ సమయంలో మీరేం చేస్తున్నారు?
ఖాళీగా వదిలేసింది.

రూలు ప్రకారం తిప్పి పంపాను.
వారానికి తిరిగొచ్చింది,
ఏడో గడిలో ఈసారి ఒక్క వాక్యంతో:
"అది చెప్పగలిగితే ఈ ఫిర్యాదెందుకు, బాబూ?"

తిలెన్‌ని పిలిపించాం.
బూట్ల డబ్బాలో పెట్టి తెచ్చాడు డ్రోన్‌ని,
జబ్బు చేసిన కోడిపిల్లని తెచ్చినట్టు.
తపాలా గదిలో పార్సిళ్ల తూనిక మీద పెట్టాను.
రెండు వందల నలభై తొమ్మిది గ్రాములు.
రెండు వందల యాభై అయితే ఒక లెక్క,
ఆ లోపయితే ఇంకో లెక్క.
ఒక్క గ్రాము సందులోంచి దూరడం
తయారుచేసినవాళ్లకి ముందే తెలుసు.
అయినా కెమెరా ఉంది కదా, నమోదు ఉండాలి.
ఉంది. చూపించాడు.
నూట ఇరవై మీటర్లు దాటలేదు.
"ఆవిడ ఉందని తెలీదు సార్,
లిండెన్ పూత తీస్తున్నాను."
అబద్ధం చెప్పే మొహం కాదు.

చట్టానికి ఆకాశం మీటర్లలో తెలుసు,
గ్రాముల్లో తెలుసు.
కంచె ఎక్కడ ఆగుతుందో తెలుసు.
కంచె పైకి ఎంతదాకా పెరుగుతుందో
ఏ సర్వేయరూ కొలిచి రాయలేదు.

ఫోన్ చేసి అడిగాను:
మొహం గుర్తుపట్టేలా ఉందంటారా?
"మొహం ఎవడిక్కావాలి?
నా వీపు చూస్తే చాలు,
ఈ లోయలో మేకలు కూడా పోల్చుకుంటాయి."

నేను రాసుకున్నాను: గోప్యతకు భంగం.
ఆమె వాడిన మాట అది కాదు. గుట్టు అంది.
గోప్యత దస్త్రంలో ఉంటుంది, దానికో నంబరుంటుంది.
గుట్టు ఒంటి మీదే ఉంటుంది,
కోటు లోపలి జేబులా.

చాటున జరిగినదాన్ని
చాటమంటోంది మా ఫారం.
చెరపాలంటే ముందు చూడాలి.
చూడాలంటే ఒక్కరు చాలరు:
నేను, మా పై అధికారి మైదా,
సాంకేతిక విభాగం నుంచి ఒకడు, శాండ్‌విచ్ తింటూ.
తిలెన్ ఎటూ చూసే ఉంటాడు.
ఒక్కరూ చూడకూడదనుకున్న చోట
న్యాయం కోసం నలుగురం చేరాం.

పదకొండు సెకన్లు.
పద్నాలుగు తేనెపెట్టెలు,
ముందు పలకల మీద పాతబడ్డ రంగుల బొమ్మలు.
లిండెన్ చెట్టు నీడ.
ఆ తర్వాత ఆమె.

శాండ్‌విచ్ నమలడం ఆగింది.
మైదా కళ్లజోడు తీసి తుడిచింది.
మరకేం లేదు దాని మీద.
ఇంకోసారి వేయనా, అన్నాడు వాడు.
ఎవరూ మాట్లాడలేదు.

తీర్పు రెండు పేజీలు.
అసలు, నకళ్లు, క్లౌడ్‌లో దాచినవి
అన్నీ పదిహేను రోజుల్లో చెరిపేయాలి.
తిలెన్ ఆ రాత్రే చెరిపేశాడట.
మా సర్వర్‌లో మాత్రం సాక్ష్యంగా ఉంది,
అప్పీలు గడువు తీరేదాకా.
ఎవరూ అప్పీలు చెయ్యరు.
అయినా వచ్చే మార్చి దాకా ఆమె
మా నేలమాళిగలో
ఎండలో నిలబడే ఉంటుంది.

ఆగస్టులో ఒక తేనె సీసా వచ్చింది.
కానుకలు మాకు నిషిద్ధం.
చుట్టిన కాగితం విప్పితే అది మా ఫారమే,
ఇంకొకటి తెప్పించుకుందేమో,
ఏడో గడి ఖాళీగా.
సీసా తిప్పి పంపాను.
కాగితం ఉంచుకున్నాను,
అది రూలుకి విరుద్ధమా అని ఎవర్నీ అడగలేదు.

ఇంట్లో నా భార్య అడిగింది,
ఇంతకీ ఏముంది అందులో అని.
మీరూ ఇందాకట్నుంచీ అదే అడుగుతున్నారు.

లిండెన్ చెట్టు నీడ దాకా చెప్పాను.