నోరు చిన్నగైన ఆదివారాలు

అంకీస దాటి, డాంబరు రోడ్డు వదిలి
మట్టిబాటలో నాలుగు మైళ్లు.
పోయినేటి వరదకు గోదారి ఇసక మేటవేసిన
మిరపచేనుల పక్కన మా గుడి:
ఆరు టేకు గుంజలు, పదకొండు రేకులు.
పన్నెండో రేకు ఎవరి కొట్టం మీదుందో తెలుసు,
అడగలేదు.

ఇక్కడ అర్జీ మరాఠీలో రాస్తాం,
ప్రార్థన తెలుగులో చేస్తాం,
పురిటినొప్పి మాత్రం మాడియాలో మూలుగుతుంది.
తొమ్మిదేళ్లుగా మూడింటికీ నేనే దుబాసీని.
నా భయాన్ని మాత్రం ఏ భాషలోకీ తిప్పలేకపోయాను.

తునికాకు కల్లంలో, కట్టల వరసల నడుమ
పంచాయితీ పెట్టారు.
పాటిల్ చెడ్డవాడేం కాదు,
వానాకాలం నా సైకిలు బురదలోంచి లాగినవాడే.
"చేసుకోండి, వద్దనం.
గొంతు మాత్రం గోడ దాటొద్దు."
గోడ!
మా గుడికి గోడెక్కడిది?
నవ్వొచ్చింది. నవ్వలేదు.
తలూపాను.
మిట్టమధ్యాహ్నం ఎవరింటి కోడో కూసింది.
ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు.

తర్వాత చేతిపంపు దగ్గర
మా బిందెలు వరస చివరికి జరిగాయి,
ఆ తర్వాత వరసలోంచే జరిగాయి.
మా సులోచన వాగు చెలమ నుంచి మోసుకొచ్చింది.
ఒక్క మాట అనలేదు,
బిందెను మాత్రం గట్టిగా దించేది.
ముప్పైఒక్క మందిమి పద్నాలుగయ్యాం,
పద్నాలుగు ఐదైంది,
చివరికి జనాబాయి.

దుర్గం జనాబాయి.
మొగుడు పోయిన ఏడే జ్వరమొచ్చి చెవులు పట్టుకుపోయింది.
ఆకు కోసి కోసి నల్లబడ్డ వేళ్లు,
కొంగున మూడు రూపాయల కానుక.
ముందు చాప మీద కూచుని
మిరపాకు మీద పురుగును వెతికినట్టు
నా నోటినే చూస్తుంది.

ఒక్కతే కదా, అదీ వినపడని మనిషి.
గొంతెందుకు?
పెదవులు కదిపితే చాలదా?
బదిలీ కోసం రాసిన కాగితం
చొక్కా జేబులో చెమటకు మెత్తబడుతుంటే
మూడు ఆదివారాలు
ధైర్యం గురించిన వాక్యాన్ని
గుసగుసగా చదివాను.

నాలుగో ఆదివారం
ఆమె చాప మీంచి లేచింది.
మోకాళ్లు పట్టుకుని, ఒక్కో అడుగూ వేసి
నా ముఖం దగ్గరికొచ్చి నిలబడింది.

"నోరు చిన్నగైంది ఏంది అయ్యగారూ?
పండ్లు నొస్తున్నయా?"

చెవిటివాళ్ల గొంతు తెలుసుగా మీకు.
తమ గొంతు తమకే వినపడదు కాబట్టి
దాచుకోవడం తెలియని గొంతు.
ఆ ప్రశ్న రేకుల కిందనుంచి పోయి
పంపు దాటింది,
బిందెల వరస దాటింది,
పాటిల్ వాకిట్లో నులకమంచం దాకా పోయింది.
పంపు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది.

లేదని తల అడ్డంగా ఊపాను.
"మరి?" అంది, ఇంకా గట్టిగా.

మరి.
దానికి నా దగ్గర జవాబు లేదు.
మూడు వారాలుగా ఆమెకు నేను
సగం సగం మాటలు పెట్టాను,
పిల్లలకు తెలీకుండా గంజిలో నీళ్లు కలిపినట్టు.
ఆమె ఆకలి లెక్క ఆమెకుంది.

పోయి మళ్లీ చాప మీద కూచుంది.
కొంగు సర్దుకుంది.
నా నోటి వైపు చూసింది.

గొప్పగా ఏమీ చేయలేదు నేను.
పుటలు వెనక్కి తిప్పి
మొదటి వచనం దగ్గరే మళ్లీ మొదలుపెట్టాను.
దవడలు నొప్పెట్టేంత తెరిచి.
నా గొంతు నాకే కొత్తగా ఉంది,
అటకమీంచి దించిన ఇత్తడి చెంబులా
కొంచెం మకిలిగా.

రెండో వచనంలో
రేకు మీద రాయి పడింది.
చిన్నదే. దొర్లుకుంటూ చూరు దాకా వచ్చి రాలింది.
ఇంకోటి.
ఆమెకు వినపడలేదు.
రెప్పవేయకుండా చూస్తోంది.

నేను ఆగితే మాత్రం
ఆమెకు తెలిసిపోతుంది.