ఇంటిపేరు లేని అంకెలు

బెర్గెన్‌లో వాన.
ఎప్పుడు మొదలైందని అక్కడెవరూ అడగరు.
మూడో అంతస్తులో ఇంగెబ్యోర్గ్
హల్వర్ వదిలివెళ్లిన ఫైళ్లు తెరుస్తోంది.
పదకొండు వేల నాలుగు వందలు.

మైనస్ డెబ్బై ఆరు పాయింట్ సున్నా రెండు ఆరు.
అంతే.
ఊరూ లేదు పేరూ లేదు.
నీటి అణువుదని ఆమెకి తెలుసు,
హార్‌ట్రీల్లో ఉందని ఆమెకి తెలుసు,
ఫైలుకి తెలీదు.

"అందరికీ తెలిసిందేగా" అనేవాడట ఆయన.
అందరూ అంటే అప్పట్లో నలుగురు,
కాఫీ మెషీన్ దగ్గర నిలబడేవాళ్లు.
వాళ్లలో ఇద్దరు లేరు.
కాఫీ మెషీనూ లేదు.

పోయినేడు మాంటెవీడియోలో
ఫకుందో అనే కుర్రాడు
ఈ గుట్టలోంచే ఒక దూరం తీసుకున్నాడు,
ఇనుముకీ నైట్రోజన్‌కీ మధ్య
మూడు పాయింట్ ఏడు ఎనిమిది.
బోర్లని ఆంగ్‌స్ట్రామ్‌లనుకున్నాడు.
తొమ్మిది రోజులు యంత్రాలు వేడెక్కాయి
ఆ రెండు పరమాణువుల్నీ
పలకరింపు అందనంత ఎడంగా కూర్చోబెట్టి.
తప్పు అతనిదనలేం.
అంకెకి ఇంటిపేరు లేదు మరి.

అందుకే ఇప్పుడు ప్రతి అంకెకీ
అటొకటి ఇటొకటి బ్రాకెట్లు తొడిగి
ఇది శక్తి, ఇది హార్‌ట్రీ,
ఫలానా పద్ధతి, ఫలానా బేసిస్ సెట్,
ఇదుగో నిఘంటువులో దీని అర్థం ఉన్నచోటు
అని రాస్తోంది. చేత్తో కాదులెండి,
ప్రోగ్రామే రాస్తుంది.
దానికి కొరుకుడు పడనివి మాత్రం
డాక్టరు గుమ్మంలో చీటీలు పట్టుకున్నవాళ్లలా
ఆమె దగ్గరికి వస్తాయి.

అలా వచ్చిందే ఏడు వేల పన్నెండో ఫైలు.
అన్ని అంకెలూ ఉన్నాయి.
అట్టడుగున, నార్వేజియన్‌లో,
హల్వర్ ఒక వరుస కొట్టాడు:
"లెక్క కుదిరింది. మనసు కుదర్లేదు."

నిఘంటువంతా వెతికింది.
ఉష్ణోగ్రతకి మాట ఉంది, కంపనానికి ఉంది,
ఆవేశానిక్కూడా ఉంది.
అనుమానానికి లేదు.

కమిటీకి రాసింది, ఒక కొత్త మాట కావాలని.
లైప్‌జిగ్ నుంచి ఒకాయన అడిగాడు:
దానికి యూనిట్ ఏమిటి?
చాలాసేపు వానకేసి చూసింది.
"యూనిట్ లేదు. ఎవరు అనుమానించారో
సంతకం ఉంటే చాలు."

ఓటింగుకి ఐదు నెలలు పట్టింది.
ఇద్దరు వద్దన్నారు.

ఇవాళ మాంటెవీడియోలో, అర్ధరాత్రి,
ఒక యంత్రం
(నార్వేజియన్ రాదు దానికి,
హల్వర్ ఎవరో తెలీదు)
ఏడు వేల పన్నెండు దగ్గరికొచ్చి
ఆగి,
ఒక పక్కకి తప్పుకుని
ముందుకు పోతుంది.