కుట్టు

లోవ్రోని కుడితే
లోవ్రోకి ఏమీ కాదు.
ముప్పై రెండేళ్లుగా తేనెటీగలతోనే కాపురం.
మణికట్టు మీద కొండి ఇంకా కదులుతుంటుంది,
దాని కొసన చిన్న సంచి
ఎవరో ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుంటూ సాగుతూ
ఉన్నదంతా లోపలికి దింపుతుంటుంది.
ఆయన మాట ఆపడు.
గోటితో పక్కకి గీకేసి
"వేళ్లతో పట్టి లాగకు నేజా, పిండినట్టవుతుంది" అని
వెయ్యోసారి చెబుతాడు.
ఆ చోట ఆవగింజంత ఎరుపు.
కాఫీ చల్లారేలోగా అదీ ఉండదు.

మొదటి ఏడు ఇలా లేదు, నేను చూశాను.
చెయ్యి రొట్టెపిండిలా పొంగితే
పెళ్లి ఉంగరాన్ని కోసి తీయించాం.
ఆ అతుకు ఇంకా ఉంది.

చర్మం దేన్నీ మరిచిపోదు.
కొందరి చర్మం అలవాటు పడుతుంది,
కొందరిది పగబడుతుంది.
ఎవరిది ఏదో
కుట్టేదాకా తెలీదు.

పెట్టెల దగ్గర నాకు పని లేదు.
వాటి ముందరి పలకల మీద
మామగారు వేసిన బొమ్మలంటే మాత్రం ఇష్టం.
మూడోదాని మీద ఒక దయ్యం
ముసలమ్మ నాలుకకి సానపెడుతుంటుంది.
మా అత్తగారట. ఆవిడ ఒప్పుకోలేదు.

నేను ఆయన ముసుగుకి చిల్లులు పడితే కుట్టేదాన్ని.
తొడుగులు దులిపి ఉతికేదాన్ని.
దులిపినప్పుడల్లా పసుప్పచ్చని పొడి లేచేది,
పుప్పొడీ మైనమూ రెక్కల తునకలూ ఎండిన విషమూ.
తుమ్మేదాన్ని. జలుబనుకున్నాను.
ఇరవై ఏళ్లు ఆ పొడి
నా లోపల ఎవరికో
రోజూ కొంచెం కొంచెం చాడీలు చెబుతోందని
నాకేం తెలుసు?

లిండెన్ చెట్లు పూసిన జూన్‌లో
ఆరేసిన చొక్కా చేతిలో ఒకటి చిక్కుకుంది.
మోచేతి మడతలో కుట్టింది.
సూది గుచ్చుకున్నట్టు, అంతే.
కుట్టుపని దానికి సూదొక లెక్కా?

ముందు అరిచేతులు దురద.
తర్వాత అరికాళ్లు, తలలో కుదుళ్లు.
నడుం నుంచి దద్దుర్లు ఎక్కి
ఒకదాన్నొకటి కలుపుకుంటూ
నా ఒంటిమీద తెలీని దేశాల పటం గీశాయి.
పెదవులు నావి కావు.
లోవ్రో అని పిలిస్తే
గొంతులోంచి ఈల వచ్చింది.
గుండె మెట్లు తప్పి దిగిపోతోంది.

ఉల్లిపాయ చక్రం కోసుకుని పరిగెత్తుకొచ్చిన పక్కింటి మిట్సా
నన్ను చూసి
దాన్ని తనే నమిలేసిందట.

తపాలా బండిలో వేసుకెళ్లారు.
పాంటు మీంచే తొడలోకి సూది.
లోకం మళ్లీ వచ్చి
నాలుక మీద ఇనుములా కూర్చుంది.

"మీ విరుగుడూ ఆ విషమే" అంది డాక్టర్ మొహోరిచ్.
"చుక్కలో లక్షో వంతుతో మొదలుపెడదాం."
నాలుగేళ్లు. నెలనెలా సూది.
ఆ నాలుగేళ్లూ లోవ్రో కొట్టంలోనే బట్టలు మార్చుకున్నాడు,
తన చొక్కాలు తనే ఉతుక్కున్నాడు,
గుండీలన్నీ ఊడగొట్టాడు.
తల కడుక్కుని గాని మంచమెక్కలేదు.
అయినా మా మధ్య
దుప్పటి మడతొకటి మేలుకునే ఉండేది.

ఆఖరి పరీక్షకి నిజం ఈగే కావాలన్నారు.
మూడో పెట్టెలోంచి తెచ్చాడు,
జామ్ సీసాలో, దయ్యం బొమ్మ పెట్టెలోంచి.
ఆయన్ని వసారాలో కూర్చోబెట్టి తలుపు వేశారు.
డాక్టరు పట్టకారుతో పట్టి
నా చేతి మీద ఆనించింది.
అది తనకి తెలిసింది చేసింది.
తన కడుపు నా దగ్గర వదిలి
తెల్లగుడ్డ మీద రెండడుగులు నడిచి పడిపోయింది.
మా భాషలో పశువు చస్తే ఒక మాట,
మనిషి పోతే ఒక మాట.
తేనెటీగకి మనిషి మాటే వాడతాం.
ఆ మాటే అన్నాను.
నర్సు తలూపింది.

పావుగంట. అరగంట.
తలుపు కింద లోవ్రో బూట్లు
అటూ ఇటూ.
రెండు యూరోల నాణెమంత ఎరుపు,
మధ్యలో పాలిపోయిన చుక్క,
కొంచెం వేడి.
ఇంకేం రాలేదు.
దురద మాత్రం, అబ్బా,
దోమ కుట్టిన పిల్లదాని దురద.

గోక్కోవద్దంది డాక్టరు.
గోక్కున్నాను.